జత కట్టడమే జవాబు కాదు

కణంలో సంకేతం ఎలా నడుస్తుందని అడిగితే డిగ్రీలో జీవశాస్త్రం చదివిన వాళ్లెవరైనా తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది. బయటి నుంచి హార్మోను లాంటి అణువు వచ్చి కణపొర మీది గ్రాహక ప్రొటీన్‌ను తాకుతుంది. అప్పటిదాకా ఒంటరిగా తిరుగుతున్న రెండు గ్రాహకాలు దగ్గరకొచ్చి జత కడతాయి. జత కట్టగానే లోపలి వైపు భాగాలు ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకుని మేలుకుంటాయి. ఒంటరిగా ఉంటే నిద్ర, జత కడితే మెలకువ. పాఠ్యపుస్తకంలో బొమ్మ ఇదే, పరీక్షలో మార్కులూ దీనికే. సంకేత ప్రొటీన్లు తమలో తాము కలుసుకోవడం గురించి ఇంతకు మించి తెలుసుకోవలసింది ఏమీ లేదన్నట్టు ఈ సూత్రం పాతుకుపోయింది. దాన్ని ఒప్పుకోవడానికి వీల్లేదన్నదే ఇక్కడి వాదన. కలయిక వల్ల ప్రొటీన్ పనితీరు మారుతుంది, ఆ మాట నిజమే. కానీ అది మేలుకుంటుందా, మూగబోతుందా, మరో దారి పడుతుందా అన్నది ఊరికే కలిసినంత మాత్రాన తేలదు. ఏ ముఖాలు ఎదురుపడ్డాయి, ఎన్ని కలిశాయి, ఎక్కడ కలిశాయి అన్న మూడు సంగతుల మీద తేలుతుంది. ఆ మూడూ అడక్కుండా ‘జత కట్టింది కాబట్టి పనిచేస్తోంది’ అనడం సాక్ష్యం వినకుండా తీర్పు చెప్పడమే.

ఈ తగువు ప్రయోగశాలల గోడల మధ్యే తేలిపోయేది కాదు. బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతులకు బతుకుతెరువైన టమోటా మొక్కలో తెగుళ్లను ఎదిరించే ప్రొటీన్లు ఇలా కలుస్తూ విడిపోతూ పనిచేసేవే. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచి ఏ జబ్బుతో తలపడుతూ వచ్చిందో, ఆ క్షయ సూక్ష్మజీవి ప్రాణం నిలబడేది కూడా ఇలాంటి ప్రొటీన్ మీదే. దేశంలో బీసీజీ టీకాను 1948లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. అంటే ఈ నేలకు పంట తరఫునా, రోగం తరఫునా ఈ ప్రశ్నలో వాటా ఉంది. ఆ రెండు తరఫుల నుంచీ గత కొన్నేళ్లలో వచ్చిన సాక్ష్యం పాత సూత్రానికి ఎదురు తిరిగింది.

ముందు ఆ సూత్రానికి దక్కవలసిన గౌరవం దక్కాలి. అది గాలిలోంచి ఊడిపడ్డది కాదు. 1980ల్లో జోసెఫ్ ష్లెసింజర్, ఆక్సెల్ ఉల్రిక్ తదితరులు ఈజీఎఫ్ గ్రాహకం మీద చేసిన పనితోనే దానికి పునాది పడింది. కణాల పెరుగుదలకు సంకేతమిచ్చే ఈజీఎఫ్ తగిలినప్పుడు గ్రాహకాలు జతపడుతున్నాయని, జతపడ్డవి చురుకవుతున్నాయని వాళ్లు చూపారు. తర్వాత 1993లో స్టూవర్ట్ ష్రైబర్, జెరాల్డ్ క్రాబ్‌ట్రీ బృందాలు ఒక అడుగు ముందుకేసి, రెండు ప్రొటీన్లను బలవంతాన దగ్గరకు లాగే కృత్రిమ అణువును తయారుచేసి, ఆ దగ్గరతనంతోనే కణంలో సంకేతం పుట్టించాయి. 2011 నాటికి ఈ ఉపాయం ఆస్పత్రికి చేరింది. రోగికి ఎక్కించిన టీ కణాలు ఎదురు తిరిగితే, వాటిలో ముందే అమర్చిన కాస్పేస్-9 ప్రొటీన్లను ఒక మందుతో జతపరిచి, అరగంటలో ఆ కణాల్లో నూటికి తొంభైకి పైగా చంపవచ్చని తేలింది. ఇంత చక్కగా పనిచేసిన ఆలోచనను జనం నమ్మడంలో ఆశ్చర్యం లేదు. ఈ ప్రయోగాలన్నీ రుజువు చేసింది మాత్రం ఫలానా ప్రొటీన్‌ను ఫలానా తీరులో దగ్గరకు తెస్తే మేలుకుంటుందని. దాన్ని ‘ఏ ప్రొటీన్ అయినా, ఏ తీరులో కలిసినా మేలుకుంటుంది’ అని సాగదీయడంలోనే పొరపాటు జరిగింది.

టమోటా సాక్ష్యంతో మొదలుపెడదాం. మొక్కకు మనలా రక్తంలో తిరిగే రక్షక కణాలు లేవు. ప్రతి కణమూ తన కాపలా తనే కాసుకోవాలి. ఆ కాపలాకు ఎన్‌ఎల్‌ఆర్ అనే కుటుంబానికి చెందిన ప్రొటీన్లున్నాయి. వాటిలో కొన్ని శత్రువును గుర్తుపట్టేవి. టోస్పోవైరస్‌లను పసిగట్టే ఎస్‌డబ్ల్యూ-5బి ఇలాంటిదే, అడవి టమోటా నుంచి సాగు రకాల్లోకి తెచ్చుకున్నది. గుర్తుపట్టడంతో దాని పని అయిపోతుంది. అసలు చర్య తీసుకునేది ఎన్‌ఆర్‌సి అనే సహాయక ప్రొటీన్ల బృందం. ఈ సహాయకుల్లో ఎన్‌ఆర్‌సి2కి ఒక విచిత్రం ఉంది. శత్రువు లేని రోజుల్లో కూడా అది కణంలో దండిగా ఉంటుంది. మామూలుగా ఇలాంటి ప్రొటీన్ ఎక్కువైతే మొక్క తన కణాలనే చంపుకుని గిడసబారిపోతుంది. ఎన్‌ఆర్‌సి2 మాత్రం అంత ఉన్నా గొడవ చేయదు. ఎందుకు చేయదన్న ప్రశ్నకు 2024లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన జవాబిచ్చింది. టమోటా ఎన్‌ఆర్‌సి2 ఇద్దరిద్దరుగా, నలుగురేసిగా, గాఢత పెరిగితే ఇంకా పొడవైన వరుసలుగా తనలో తాను కలిసిపోతుంది. క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఆ గుంపుల్లోని ప్రతి ప్రొటీనూ నిద్రావస్థలో ఉంది. కలయికే దాన్ని నిద్రలో పట్టి ఉంచుతోంది. చురుకైన ఆకారం కట్టడానికి విడి ప్రొటీన్ దొరక్కుండా చేస్తోంది. పరిశోధకులు అంతటితో ఆగలేదు. ఇద్దరిని కలిపే ముఖంలోనూ, జంటలను జంటలతో కలిపే ముఖంలోనూ మార్పులు చేసి, ఆ కలయికను బలహీనపరిచారు. పాత సూత్రం నిజమైతే రక్షణ తగ్గాలి. బెంథామియానా పొగాకు మొక్కలో పరీక్షిస్తే రక్షణ పెరిగింది, రోగకారకం తగిలినప్పుడు కణమరణం మరింత గట్టిగా వచ్చింది.

మరి ఇదే ఎన్‌ఆర్‌సి2 పని చేసేటప్పుడు ఎలా ఉంటుంది? అదే 2024లో సైన్స్ అడ్వాన్సెస్‌లో వచ్చిన మరో పరిశోధన ఆ రూపాన్ని చూపింది. దానికి మొదటి రచయిత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మొక్కల శాస్త్ర విభాగానికి చెందిన జోగి మధుప్రకాశ్. ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో సోఫియన్ కమూన్ బృందంతో కలిసి చేసిన పని అది. ఆర్‌ఎక్స్ అనే బంగాళాదుంప ప్రొటీన్ వైరస్‌ను గుర్తుపట్టి ప్రేరేపించాక, బెంథామియానా ఎన్‌ఆర్‌సి2 ఆరు కలిసి చక్రంలా కూర్చున్నాయి. ప్రేరేపించిన ఆర్‌ఎక్స్ ఆ చక్రంలో లేదు, తట్టి లేపి తప్పుకుంది. నిద్రలోని జంట కణద్రవంలో ఉంటుంది, మేలుకున్న ఆరుగురి చక్రం కణపొర దగ్గర చేరుతుంది. నిద్రలోని జంటను కలిపే ముఖాలతో ఆ చక్రం కట్టడం కుదరదు. ముందు ఆ పట్టు వదలాలి, ఆకారం మారాలి, తర్వాతే కొత్త పట్టు. ఒకే ప్రొటీన్, తనతో తనే కలవడం రెండుసార్లు. ఒకసారి కలిస్తే మౌనం, మరోసారి కలిస్తే కణాన్ని బలిచ్చేంత తెగింపు. ఒకే కాడి కింద నిలిపిన రెండెడ్లూ, ఒకే గుంజకు కట్టేసిన రెండెడ్లూ లెక్కకు జతే. ఆ లెక్క చూసి చేను దున్నారో లేదో చెప్పగలమా?

పోనీ, ఇది మొక్కల వింత అనుకుందామా? ఆరోగ్యవరం వైపు తిరిగి చూద్దాం. క్షయ సూక్ష్మజీవిలో ఫాస్ఫేటు తగిలించే సెరీన్-థ్రియొనీన్ కైనేజ్‌లు 11 ఉన్నాయి. వాటిలో పీకేఎన్‌బి లేకపోతే సూక్ష్మజీవి బతకదు. దాని తల కణపొర బయట, కైనేజ్ భాగం లోపల. 2003లో ఆ లోపలి భాగం ఆకారం తెలిసినప్పుడు రెండు కైనేజ్‌లు వీపు వీపు ఆనించుకుని కనిపించాయి. 2008లో అవే కైనేజ్‌లు ముఖాముఖిగా, అదీ సరిసమానంగా కాకుండా, దొరికాయి. ఒక కలయికలో ఒకటి మరొకదాని ఆకారాన్ని సర్దుతుంది, మరో కలయికలో ఒకటి మరొకదానికి ఫాస్ఫేటు తగిలిస్తుంది. అంటే ‘జత’ అన్న మాట కింద ఇక్కడే రెండు వేర్వేరు పనులున్నాయి. ఈ తేడా తెలిసినా మొత్తం మీద నమ్మకం పాతదే నడిచింది: బయట కణగోడ ముక్కలు తలకు తగులుతాయి, లోపల కైనేజ్‌లు జతపడతాయి, సూక్ష్మజీవి పెరుగుతుంది అని.

ఆ నమ్మకాన్ని 2019లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన పరిశోధన తలకిందులు చేసింది. అప్పుడు ఢిల్లీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో ఉండి, 2021లో హైదరాబాద్ సీసీఎంబీకి డైరెక్టర్‌గా వచ్చిన వినయ్ నందికూరి బృందం చేసిన పని అది. కణగోడ కట్టడానికి వాడే లిపిడ్-2 అనే అణువును పీకేఎన్‌బి తలలోని ఏ భాగాలు పట్టుకుంటాయో వాళ్లు గుర్తించారు. ఆ భాగాలను మార్చి, పట్టు పోయేలా చేశారు. సంకేతం అందని కైనేజ్ నిద్రపోవాలి కదా! నిద్రపోలేదు. అదుపు తప్పి అతిగా చురుకైంది, ఉండవలసిన చోట ఉండకుండా చెదిరిపోయింది, చివరికి సూక్ష్మజీవి చచ్చిపోయింది. ప్రచారంలో ఉన్న ఊహకు ఇది విరుద్ధమని ఆ పరిశోధకులే రాశారు. బయటి అణువు పని కైనేజ్‌ను మేల్కొలపడం కాదు, సరైన చోట సరైన మోతాదులో కట్టి ఉంచడం. ఇక్కడ ‘ఎక్కడ’ అన్న ప్రశ్న ‘కలిశాయా లేదా’ అన్న ప్రశ్నను మింగేసింది.

మనిషి శరీరంలో సాక్ష్యం ఇంకా పాతది, ఇంకా దగ్గరది. మధుమేహం ఉన్న ఇంట్లో ఇన్సులిన్ పేరు తెలియనివాళ్లు ఉండరు. ఆ ఇన్సులిన్ తగిలే గ్రాహకం పుట్టుకతోనే జంట. రెండు సగాలనూ గంధకపు బంధాలు కుట్టేసి ఉంటాయి. ఇన్సులిన్ లేనప్పుడూ అది జంటే, వచ్చినప్పుడూ జంటే. మారేది ఆ జంట నిలబడే తీరు మాత్రమే: విడివడి ఉన్న కాళ్లు ఇన్సులిన్ రాగానే దగ్గరకొస్తాయి. జత కట్టడమే మెలకువ అయితే ఇన్సులిన్ మాట వినే కణాలన్నీ ఇన్సులిన్ లేకుండానే చక్కెర పీల్చుకుంటూ ఉండాలి. ఇక పాత సూత్రానికి పుట్టిల్లయిన ఈజీఎఫ్ గ్రాహకమే తీసుకోండి. 2006లో జాన్ కురియన్ బృందం చూపిందేమిటంటే, ఆ జంటలో ఇద్దరూ సమానులు కారు. ఒకటి తన అడుగుభాగంతో మరొకదాని తలభాగాన్ని నొక్కి సర్దుతుంది, సర్దించుకున్నదే పనిచేస్తుంది. అందుకే దాదాపు కైనేజ్ శక్తి లేని హెర్3 కూడా ఈ కుటుంబంలో పనికొచ్చే భాగస్వామి కాగలిగింది: తను పని చేయకపోయినా పక్కదాన్ని చేయిస్తుంది. తలకు తల ఎదురుగా ఎన్ని జతలు కట్టినా ఆ పని జరగదు.

కలయికతో ప్రొటీన్ మూగబోయిన ప్రయోగం 1993లోనే జరిగింది. దాని రచయితల్లో ష్లెసింజర్ కూడా ఉన్నాడు, అంటే పాత సూత్రానికి పేరు తెచ్చినవాడే. టీ కణాల్లో సీడీ45 అనే ఫాస్ఫటేజ్, అంటే ఫాస్ఫేటును తొలగించే ప్రొటీన్, ఉంటుంది, అది లేకపోతే ఆ కణం సంకేతం పంపలేదు. పరిశోధకులు సీడీ45 లోపలి భాగానికి ఈజీఎఫ్ గ్రాహకం బయటి భాగాన్ని అంటుకట్టారు. ఈజీఎఫ్ పోయనంతసేపూ ఆ అతుకుల ప్రొటీన్ బాగానే పనిచేసింది, టీ కణం సంకేతం పంపింది. ఈజీఎఫ్ పోసి జతపరిచారు, సంకేతం ఆగిపోయింది. బయట అదే చెయ్యి, అదే కలయిక. లోపల ఉన్న ప్రొటీన్ వేరు కాబట్టి ఫలితం తిరగబడింది. ఆ ఆపుదల ఏ తీరులో జరుగుతుందన్న దాని మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. ఆగిందన్న సంగతి మీద మాత్రం కాదు.

వీటన్నిటికంటే సూటిగా ప్రశ్నను తేల్చింది 2015లో క్రిస్ గార్సియా బృందం సెల్ పత్రికలో చెప్పిన ప్రయోగం. ఎర్ర రక్తకణాలు తయారుకావడానికి సంకేతమిచ్చే ఎరిత్రోపాయెటిన్ గ్రాహకాన్ని తీసుకున్నారు. దానికి సహజంగా తగిలే హార్మోనుకు బదులు, రెండు గ్రాహకాలను వేర్వేరు దూరాల్లో, వేర్వేరు కోణాల్లో పట్టి నిలిపే కృత్రిమ ప్రొటీన్లు చేశారు. అన్నిటిలోనూ గ్రాహకం అదే, కలిసే సంఖ్యా రెండే. ఫలితాలు మాత్రం ఒక్కటి కావు. ఒక కోణంలో పట్టినవి నిండుగా సంకేతమిచ్చాయి, మరో కోణంలో అరకొరగా, ఇంకోదాంట్లో కొన్ని దారుల్లోనే సంకేతం వెళ్లి మిగతావి మూసుకుపోయాయి. రక్తరోగంలో మార్పు చెంది ఎప్పుడూ మేలుకునే ఉండే జాక్2 కైనేజ్ రకాన్ని కూడా, గ్రాహకాలను తగినంత దూరంగా పట్టడం ద్వారా అణచగలిగారు. కలయిక ఒక బొత్తాం అయితే ఇన్ని మధ్యస్థ స్థాయిలు రావు. సంఖ్యను కదల్చకుండా ఆకారాన్ని మాత్రమే మార్చి ఫలితాన్ని మార్చిన తర్వాత, ఫలితం దేని వల్ల వచ్చిందన్న సందేహానికి చోటు లేదు.

ఇదంతా సిద్ధాంతాల గొడవేనని తీసిపారేయాలనుకునే వారికి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మందుల కథ గుర్తుచేయాలి. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, 1982లో సహచరులతో కలిసి, మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జన్యువులో ఒకే ఒక్క మార్పు, గ్లైసిన్ ఉండవలసిన చోట వాలిన్, మామూలు జన్యువును క్యాన్సర్ జన్యువుగా మార్చిందని చూపిన వారిలో ఒకరు. ఆ రాస్ ఆజ్ఞ ఇచ్చేది రాఫ్ కైనేజ్‌కు. రాఫ్‌లో బీ-రాఫ్ అనే రకం మెలనోమా రోగుల్లో చాలామందిలో చెడిపోయి ఉంటుంది కాబట్టి, దాన్ని ఆపే వెమురాఫెనిబ్‌ను తయారుచేశారు. 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. చెడిన బీ-రాఫ్ ఒంటరిగానే పనిచేయగలదు, మందు దాన్ని ఆపింది, కణితులు కరిగాయి. కానీ రాస్ చురుగ్గా ఉన్న మామూలు కణాల్లో అదే మందు రాఫ్‌లను జతకట్టించింది. జంటలో ఒకదాన్ని మందు పట్టుకుంటే ఖాళీగా ఉన్న రెండోది మరింత చురుకైంది. కొంతమంది రోగులకు చర్మం మీద కొత్త కణితులు మొలిచాయి. ఈ ఎదురు ఫలితాన్ని 2010లోనే మూడు బృందాలు విడివిడిగా చెప్పాయి. ఆ తర్వాత రాఫ్ కింద ఉండే మెక్‌ను ఆపే మందును జోడించి ఆ చర్మ కణితులను తగ్గించారు. ‘కైనేజ్‌ను పట్టుకుంటే పని ఆగుతుంది’ అనుకున్నవాళ్లు ఆ కైనేజ్ ఎవరితో, ఎలా కలిసి ఉందని అడగలేదు. ఆ నిర్లక్ష్యం చర్మం మీద పొక్కి కనిపించింది.

ఇక అభ్యంతరాలు. మొదటిది, ఇవన్నీ మినహాయింపులు, సాధారణ సూత్రాన్ని చెడగొట్టవు అన్నది. ఇన్సులిన్ గ్రాహకం, ఈజీఎఫ్ గ్రాహకం, రాఫ్ మినహాయింపులైతే ఇక సాధారణమైనదేదో చెప్పాలి. పాఠం చెప్పేటప్పుడు ముందు వరసలో నిలబెట్టే ఉదాహరణలే ఇవి. రెండోది, అధిక గాఢతలో ప్రొటీన్లు ఎలాగూ అంటుకుంటాయి, పరీక్షనాళికలో కనిపించిన గుంపును కణంలో నిజమనుకోవద్దు అన్నది. ఈ హెచ్చరిక న్యాయమైనదే, చాలా పాత పరిశోధనలకు తగిలేదే. కానీ ఎన్‌ఆర్‌సి2 విషయంలో పరిశోధకులు బొమ్మ చూసి ఊరుకోలేదు. అంటుకునే ముఖాన్ని పాడుచేసి బతికున్న ఆకులో ఫలితం చూశారు. ఆ ప్రొటీన్ సహజంగానే కణంలో దండిగా ఉండేది కాబట్టి గాఢత అన్నది అక్కడ ప్రయోగశాల దోషం కాదు, దాని మామూలు బతుకే.

మూడోది బలమైనది. ‘మీరు చెప్పిన ఎన్‌ఆర్‌సి2 కూడా చివరికి ఆరుగా కలిశాకే పనిచేసింది కదా, అంటే కలయిక లేకుండా పనే లేదు కదా’ అని అడగవచ్చు. అవును, చాలాచోట్ల కలయిక తప్పనిసరి. అయితే తప్పనిసరి కావడం వేరు, అదే చాలినంత కావడం వేరు. నీళ్లు లేకుండా టమోటా పండదన్నంత మాత్రాన, నీళ్లు నిలిచిన మడిలో పంట బాగుందని ఎవరూ అనరు. పైగా ఎన్‌ఆర్‌సి2లో మొదటి కలయిక విడిపోతేనే రెండోదానికి దారి. ఇక్కడ ‘కలయికను పెంచండి’ అన్న సలహా ఇస్తే ఏ కలయికను పెంచాలో చెప్పాలి. పాత సూత్రంలో ఆ ప్రశ్నకు జవాబే కాదు, ఆ ప్రశ్న వేయడానికే చోటు లేదు. బంగాళాదుంపకు పట్టే ఒక నులిపురుగుకు మాత్రం ఈ సంగతి తెలిసినట్టే ఉంది: అది మొక్కలోకి వదిలే ఎస్‌ఎస్15 అనే ప్రొటీన్ ఎన్‌ఆర్‌సి2ను పట్టుకుని, చురుకైన ఆకారంలోకి మారకుండా అడ్డుకుంటుంది. ఆకారం మారకుండా చేస్తే చాలు, కాపలా కూలిపోతుంది.

నాలుగో అభ్యంతరం ఉపాధ్యాయుల నుంచి వస్తుంది. పిల్లలకు సులభంగా చెప్పాలి, ఈ ముఖాలూ కోణాలూ అప్పుడే ఎందుకని. సులభంగా చెప్పడం వేరు, తప్పు చెప్పడం వేరు. ‘ప్రొటీన్లు తమలో తాము కలుస్తాయి, కలిసే తీరును బట్టి పని మొదలవ్వచ్చు, ఆగవచ్చు, మారవచ్చు’ అన్న వాక్యం పాత వాక్యం కంటే పెద్ద బరువేమీ కాదు. ఇన్సులిన్ గ్రాహకం పుట్టుజంట అని అదనంగా ఒక్క ముక్క చెబితే ఇంటర్ పిల్లకూ ఎక్కుతుంది. పాత వాక్యం నేర్చుకున్న పిల్ల రేపు ప్రయోగశాలలో జంట కనిపించగానే ‘చురుకైంది’ అని నోట్‌బుక్‌లో రాసేస్తుంది, చురుకైందో లేదో కొలవదు. అలా కొలవకుండా రాసినవి పత్రాల్లోకి, పత్రాల నుంచి మందుల ప్రణాళికల్లోకి పాకుతాయి.

చివరిగా, ఇలా ప్రతిదానికీ ‘తీరును బట్టి’ అంటే ఇక శాస్త్రంలో సూత్రమనేదే మిగలదు కదా అన్న బెంగ ఉంది. మిగులుతుంది, పాతదానికంటే గట్టిదే మిగులుతుంది. ఏ ముఖంతో కలిశాయో తెలిస్తే ఆ ముఖాన్ని చెరిపి ఫలితం ముందే చెప్పగలం. ఎన్ని కలిశాయో తెలిస్తే జంట, చక్రం, వరుస వేర్వేరు పనులని గుర్తుపట్టగలం. ఎక్కడ కలిశాయో తెలిస్తే పీకేఎన్‌బి లాగా చోటు తప్పినదాన్ని చురుకైనదని మెచ్చుకోకుండా ఉండగలం. మూడూ కొలవగలిగినవే, ఓడిపోగలిగినవే. ఓడిపోయే అవకాశం ఉన్నదే సూత్రం. జతపడ్డా, పడకపోయినా ఏదో ఒక సర్దుబాటు చెప్పుకుంటూ పోయేది అలవాటు మాత్రమే.

ఈ తేడా మదనపల్లె చుట్టుపక్కల పొలాలకు త్వరలోనే పట్టేలా ఉంది. బయటి జన్యువు చేర్చకుండా జన్యు సవరణతో చేసిన కొన్ని తరహాల మొక్కలకు 2022 మార్చిలో కేంద్రం జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మేలో ఇలాంటి వరి రకాలు రెండు ప్రకటించారు. వాటిలో ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థది. రేపు టమోటాలో ఎన్‌ఆర్‌సి2ను సవరించాలని ఎవరైనా పూనుకుంటే, పాత సూత్రం నమ్మినవాళ్లు కలిసే ముఖాన్ని బలపరుస్తారు. అప్పుడు తెగులుకు లొంగిపోయే మొక్క వస్తుంది. తిరగేసి ఆ ముఖాన్ని పూర్తిగా చెరిపితే, శత్రువు లేకపోయినా తనను తానే చంపుకుని గిడసబారే మొక్క వచ్చే ప్రమాదముంది. రైతుకు కావలసింది ఆ రెంటి మధ్య కొలిచి నిలిపిన పట్టు. క్షయ మందుల్లోనూ అంతే. పీకేఎన్‌బిని ఆపే అణువుల కోసమే వెతికేవాళ్లు, దాని అదుపు తప్పించడం కూడా సూక్ష్మజీవిని చంపగలదన్న 2019 నాటి ఫలితాన్ని దాటేసి పోతున్నారు. తలుపు రెండు వైపులా తెరుచుకుంటుందని తెలిశాక ఒక వైపే నెడుతూ కూర్చోవడం తెలివి కాదు. కాబట్టి ఇకమీదట ఏ పరిశోధన పత్రంలోనైనా, ఏ తరగతి గదిలోనైనా ‘ఈ ప్రొటీన్ తనతో తను జతకడుతుంది’ అన్న వాక్యం దగ్గర ముగింపు చుక్క పెట్టేవాళ్లను ఆపి, ఏ ముఖంతో, ఎంతమంది, ఎక్కడ అని అడగాలి. జవాబు లేకపోతే ఆ ప్రొటీన్ పని గురించి వాళ్లు ఇంకా ఏమీ చెప్పనట్టే.